కోతకు ముందు గంట: ఆపరేషన్‌లో ముందస్తు యాంటీబయాటిక్‌ను సరిగ్గా ఇవ్వడం ఎలా

నేను మత్తు డాక్టరును. చాలా ఏళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నప్పుడు, హెర్నియాకు మెష్ (లోపల కుట్టే వలలాంటి జాలి) వేయించుకున్న ఒక ఆటో డ్రైవరు పన్నెండో రోజున మళ్లీ వచ్చారు. కట్టు విప్పితే కుట్ల మధ్య నుంచి చీము. ఆయన భార్య గుమ్మం దగ్గరే నిలబడి, "మందులన్నీ వేళకు వేశానమ్మా, ఒక్క పూట కూడా తప్పలేదు" అని పదే పదే చెప్పింది.

ఆ రాత్రి కేస్ షీటు తెప్పించి చూశాను. యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఉదయం 6 గంటలకు వార్డులో ఇచ్చినట్టు సిస్టర్ సంతకం ఉంది. మొదటి కోత 11:40కి పడినట్టు మత్తు పత్రంలో నా చేతిరాత ఉంది. ముందున్న పిత్తాశయం కేసు సాగిపోవడంతో ఈయన వంతు వెనక్కి జరిగింది. ఇచ్చింది సెఫురాక్సిమ్. గంటన్నర తిరగకముందే రక్తంలో సగానికి పడిపోయే మందు అది. కోత పడే వేళకు పదహారో వంతు కూడా మిగిలి ఉండదు. ఆపరేషన్ అయ్యాక మాత్రం ఏడు రోజులకు మాత్రలు రాశాం. వాటినే ఆమె ఒక్క పూట తప్పకుండా వేసింది.

ఆ చీముకు ఆ ఒక్క పొరపాటే కారణమని చెప్పలేను. అన్నీ సరిగ్గా చేసినా కొందరికి చీము పడుతుంది. కానీ కావలసిన గంటలో మందు లేదు, అక్కరలేని వారమంతా ఉంది. ఆ రోజు నుంచి నేను పనిచేసిన ప్రతి చోటా ఈ ఒక్క విషయం వెంటపడ్డాను. ఏ మందు ఇవ్వాలన్న దాని మీద మనం గంటలకొద్దీ వాదించుకుంటాం. దాన్ని ఎవరు, ఎక్కడ, ఎన్ని గంటలకు ఇవ్వాలో మాత్రం ఎవరూ రాసిపెట్టరు. చాలా ఆసుపత్రుల్లో జరిగే తప్పు అక్కడే ఉంది.

ఇది ముఖ్యంగా చిన్న, మధ్యతరహా ఆసుపత్రుల్లో పనిచేసే సర్జన్లు, మత్తు డాక్టర్లు, థియేటర్ సిస్టర్ల కోసం రాస్తున్నాను. ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవారి ఇంటివాళ్లకు పనికొచ్చే మాటలు ఆఖర్లో ఉన్నాయి.

మొదటి పని: అసలు అవసరమా అని తేల్చుకోవడం

ముందస్తు డోసు పని ఒక్కటే. కోత పడినప్పుడు చర్మం మీది సూక్ష్మజీవులో, పేగులోవో, గర్భాశయ మార్గంలోవో గాయంలోకి జారతాయి. అవి అక్కడ నిలదొక్కుకోకముందే వాటిని ఎదుర్కొనేంత మందు ఆ కణజాలంలో సిద్ధంగా ఉండాలి. కాబట్టి అడగవలసిన ప్రశ్న: ఈ ఆపరేషన్‌లో సూక్ష్మజీవులు లోపలికి చేరే అవకాశం ఎంత, చేరితే నష్టం ఎంత?

శస్త్రచికిత్స గాయాలను నాలుగు తరగతులుగా చూస్తారు. చర్మాన్ని శుభ్రం చేసి కోసి, పేగు, శ్వాసనాళం, మూత్రమార్గం, జననమార్గం వేటినీ తెరవకపోతే అది శుభ్రమైన గాయం. థైరాయిడ్, కొవ్వు గడ్డ వంటివి ఇందులోకి వస్తాయి. వీటిలో చాలావాటికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. అయితే మెష్, కీలు, ప్లేటు, కవాటం వంటి పరాయి వస్తువు లోపల పెడుతుంటే ఇవ్వాలి. ఆ వస్తువు మీద కొద్దిపాటి సూక్ష్మజీవులు చేరినా వదిలించడం చాలా కష్టం. గుండె ఆపరేషన్లకూ అంతే.

రెండో తరగతిలో పేగు, గర్భాశయం వంటివి తెరుస్తాం, కానీ పద్ధతి ప్రకారం, ఒలికిపోకుండా. సిజేరియన్, గర్భసంచి తొలగింపు, పెద్దపేగు ఆపరేషన్ ఇందులోవే. వీటికి డోసు తప్పనిసరి. ఇక్కడ ఒక మినహాయింపు: ఇన్ఫెక్షన్, కామెర్లు వంటివి లేని రోగికి ముందే తేదీ పెట్టుకుని లాపరోస్కోపీతో చేసే మామూలు పిత్తాశయం ఆపరేషన్‌కు అవసరం లేదు. ఈ మాట చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఉలిక్కిపడతారు, కానీ అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పేది ఇదే. మూడో తరగతిలో లోపలిది ఒలికిపోతుంది, లేదా అప్పుడే తగిలిన గాయం ఉంటుంది.

నాలుగోది వేరే ఖాతా. అపెండిక్స్ పగిలి కడుపంతా చీము ఉంటే అక్కడ ఇచ్చేది చికిత్స, దానికి రోజుల లెక్క వేరు. రెంటినీ కలిపేయడం వల్లే "అపెండిక్స్‌కు ఐదు రోజులు ఇచ్చాం కదా, హెర్నియాకూ ఐదు ఇద్దాం" అనే అలవాటు పుట్టింది. కేస్ షీటులో "ముందస్తు" అనో "చికిత్స" అనో ఒక మాట రాయండి. ఆ ఒక్క మాట తర్వాతి షిఫ్టు వాళ్లను ఎన్నో తప్పుల నుంచి కాపాడుతుంది.

కంటి శుక్లం ఆపరేషన్ దారి పూర్తిగా వేరు. అక్కడ ఆపరేషన్ చివర కంటి లోపలే అతి చిన్న మోతాదు ఇస్తారు. ఈ వ్యాసం దాన్ని గురించి కాదు.

రెండోది: మందు ఎంపిక

ఎక్కువ ఆపరేషన్లకు సెఫజోలిన్ చాలు. పాత మందు, ధర తక్కువ, చర్మం మీద ఉండే స్టాఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి మీద గట్టిగా పనిచేస్తుంది. పెద్దపేగు, అపెండిక్స్ ఆపరేషన్లలో ఆక్సిజన్ లేనిచోట పెరిగే జీవులు కూడా ఉంటాయి కాబట్టి మెట్రోనిడజోల్ జోడిస్తారు. సిజేరియన్‌కు సెఫజోలిన్ ఒక్క డోసు. నొప్పులు మొదలయ్యాకో, ఉమ్మనీరు పోయాకో చేసే సిజేరియన్‌కు అజిత్రోమైసిన్ కలిపితే మేలని 2016లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన చూపింది.

మన దగ్గర మాత్రం చేయి అలవాటుగా సెఫ్ట్రియాక్సోన్ వైపు వెళ్తుంది. అది బలమైన మందు కదా, మేలే చేస్తుంది కదా అంటారు. ఆ బలం పేగులో ఉండే గ్రామ్ నెగెటివ్ అనే రకం జీవుల మీద. హెర్నియా గాయంలోకి దిగే చర్మపు స్టాఫిలోకాకస్ మీద సెఫజోలినే మెరుగు. పైగా సెఫ్ట్రియాక్సోన్ ఒళ్లంతా తిరిగి పేగులోని మామూలు జీవులను చంపి, మందుకు లొంగనివాటికి చోటు ఖాళీ చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్‌లను మూడు గుంపులుగా విడదీసింది: అందుబాటులో ఉండాల్సినవి, కనిపెట్టి వాడాల్సినవి, దాచుకోవాల్సినవి. సెఫజోలిన్ మొదటి గుంపులో ఉంది, సెఫ్ట్రియాక్సోన్ రెండో గుంపులో. పైపెరాసిలిన్-టాజోబాక్టమ్ కూడా రెండోదే. లినెజోలిడ్ మూడోది. మామూలు ఆపరేషన్లకు ముందు లినెజోలిడ్ వేలాడదీయడం నేను కళ్లారా చూశాను. అది రేపు ఐసీయూలో ఎవరి ప్రాణానికో ఆఖరి ఆసరా.

"సెఫజోలిన్ మా ఫార్మసీలో లేదు" అనే జవాబు చాలాసార్లు వింటారు. అడిగేవాళ్లు లేక తెప్పించలేదు, అంతే. ఆసుపత్రి మందుల కమిటీలో ఒక్కసారి పట్టుబట్టి జాబితాలో చేర్పించండి. థియేటర్‌లోనే పది వయల్స్ ఉంచేలా చూడండి.

రోగి ముక్కులోనో చర్మం మీదో మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని స్టాఫిలోకాకస్ ఉన్నట్టు పరీక్షలో తేలితే వాంకోమైసిన్ కలపాలి. అందరికీ వాంకోమైసిన్ ఇవ్వడం పొరపాటు, ఎందుకంటే మామూలు స్టాఫిలోకాకస్ మీద అది సెఫజోలిన్ కంటే బలహీనం.

మూడోది: అలర్జీ సంగతి, టెస్ట్ డోస్ సంగతి

"పెన్సిలిన్ పడదు" అన్న మాట కేస్ షీటు మీద ఎర్ర సిరాతో రాగానే చాలామంది సెఫజోలిన్ ఆపేసి క్లిండమైసిన్‌కు వెళ్లిపోతారు. తొందరపడకండి. కూర్చుని అడగండి: ఏ మందు, ఎన్నేళ్ల కిందట, తీసుకున్న ఎంతసేపటికి, ఏమైంది? "చిన్నప్పుడు ఇంజెక్షన్ వేస్తే కళ్లు తిరిగాయట, అమ్మ చెప్పింది" అనే జవాబు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పెన్సిలిన్ అలర్జీ ఉందని చెప్పేవారిని పరీక్షిస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా అది నిలబడదు. పైగా సెఫజోలిన్ అణువులోని పక్క గొలుసు పెన్సిలిన్లకు గానీ మిగిలిన సెఫలోస్పోరిన్లకు గానీ పోలినది కాదు, కాబట్టి రెంటికీ కలిసి అలర్జీ రావడం చాలా అరుదు. అసలు జాగ్రత్త పడవలసింది సెఫజోలిన్‌కే ప్రతిచర్య వచ్చినవారితోనూ, ఏ మందుకైనా చర్మం ఊడిపోయేంత తీవ్రమైన జబ్బు వచ్చినవారితోనూ. నిజంగా ఇవ్వలేని పరిస్థితి అయితే క్లిండమైసిన్ 900 మి.గ్రా. లేదా వాంకోమైసిన్.

ఇక టెస్ట్ డోస్. మన వార్డుల్లో ముంజేతి మీద చిన్న బుడగలా మందు ఎక్కించి, చుట్టూ పెన్నుతో సున్నా గీసి, అరగంట తర్వాత చూస్తారు. అడ్డదిడ్డంగా కలిపిన మందుతో, అలర్జీ చరిత్రే లేని ప్రతివాళ్లకూ చేసే ఈ పరీక్ష రాబోయే ప్రమాదాన్ని నమ్మకంగా చెప్పలేదు. పరీక్ష బాగున్నవారికి ప్రతిచర్య రావచ్చు, ఎర్రబడినవారికి ఏమీ కాకపోవచ్చు. నన్ను ఎక్కువగా బాధించేది ఇంకొకటి. టెస్ట్ డోస్ తెల్లవారుజామున వార్డులో చేస్తారు. వయల్ అప్పటికే తెరిచి ఉంటుంది. అరగంట తర్వాత "సరిగ్గా ఉంది" అనుకుని మిగిలిన మందంతా అక్కడే ఎక్కించేస్తారు. సిస్టర్ తప్పేమీ లేదు, ఆమె చేతికి ఇచ్చిన ఆర్డరు అలా ఉంది. ఆటో డ్రైవరుకు ఉదయం 6 గంటలకే డోసు పడింది ఇలాగే.

మీ ఆసుపత్రి నియమం ప్రకారం టెస్ట్ డోస్ తప్పదనుకుంటే, దాన్ని పూర్తి డోసు నుంచి విడదీయండి. పూర్తి డోసు వయల్ రోగితో పాటు మూత తీయకుండా థియేటర్‌కు రావాలి. ప్రతిచర్య వస్తే ఎదుర్కోవడానికి అడ్రినలిన్, ఆక్సిజన్, మానిటరు, మత్తు డాక్టరు అన్నీ ఉండేది అక్కడే.

నాలుగోది: మోతాదు

సెఫజోలిన్ పెద్దవారికి 2 గ్రాములు, 120 కిలోలు లేదా అంతకు పైన ఉంటే 3 గ్రాములు, పిల్లలకు కిలోకు 30 మి.గ్రా. సెఫురాక్సిమ్ అయితే 1.5 గ్రాములు. మెట్రోనిడజోల్ 500 మి.గ్రా. వాంకోమైసిన్ కిలోకు 15 మి.గ్రా. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నా మొదటి డోసు సాధారణంగా తగ్గించరు, రెండోది ఇవ్వాలా వద్దా అన్నప్పుడే ఆలోచిస్తారు. రోగిని తూకం వేయకుండా "చూస్తే డెబ్బై ఉంటారు" అని రాయకండి. ఇంతకు మించి ఇందులో చెప్పేదేమీ లేదు.

ఐదోది: గడియారం

అసలు విషయం ఇక్కడ ఉంది.

1961లో జాన్ బర్క్ అనే సర్జన్ గినీ పందుల చర్మంలోకి స్టాఫిలోకాకస్‌ను ఎక్కించి, యాంటీబయాటిక్‌ను వేర్వేరు వేళల్లో ఇచ్చి చూశారు. సూక్ష్మజీవులు దిగే సమయానికే మందు కణజాలంలో ఉంటే గాయం చిన్నదిగా ఉండిపోయింది. ఆలస్యమయ్యేకొద్దీ మందు ప్రభావం తగ్గింది. మూడు గంటలు దాటాక ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటే. 1992లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో 2,847 మంది రోగులను పరిశీలించినప్పుడు ఇదే మనుషుల్లో కనిపించింది. కోతకు ముందు రెండు గంటల లోపల డోసు అందినవారిలో 0.6 శాతం మందికి గాయం చెడింది. రెండు గంటల కన్నా ముందే ఇచ్చినవారిలో 3.8 శాతం. కోత పడ్డాక మూడు గంటల లోపల ఇస్తే 1.4 శాతం, ఇంకా ఆలస్యమైతే 3.3 శాతం. మరీ ముందుగా ఇచ్చిన గుంపు ఆలస్యంగా ఇచ్చిన గుంపు కంటే ఏ విధంగానూ మెరుగ్గా లేదని గమనించండి. "ముందే ఇచ్చేశాం కదా" అనేది ఊరట కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాలు కోతకు ముందు 120 నిమిషాల లోపల అంటాయి, మందు ఎంతసేపు నిలుస్తుందో చూసుకోమంటాయి. సెఫజోలిన్, సెఫురాక్సిమ్ వంటి తొందరగా తగ్గే మందులకు 60 నిమిషాల హద్దు పెట్టుకోవడం మేలు. ఆ సంస్థ భద్రతా చెక్‌లిస్టులో కోతకు ముందు బిగ్గరగా అడిగే ప్రశ్న కూడా ఇదే: గత 60 నిమిషాల్లో యాంటీబయాటిక్ ఇచ్చారా?

ఆచరణలో నేను చేసేది చెబుతాను. రోగి బల్ల మీదికి వచ్చాక మానిటరు తగిలిస్తాను. సెఫజోలిన్ వయల్‌లో స్టెరైల్ నీరు ఎక్కించి, తెల్లటి పొడి ఒక్క పలుకు కూడా మిగలకుండా కరిగేదాకా అరచేతుల మధ్య దొర్లిస్తాను. వయల్ మీది పేరు, గడువు తేదీ పక్కనున్న సిస్టర్‌కు వినిపించేలా చదువుతాను. మూడు నుంచి ఐదు నిమిషాల పాటు నెమ్మదిగా నరంలోకి ఇచ్చి, గొట్టంలో నిలిచిన మందు కూడా లోపలికి పోయేలా సెలైన్ వదులుతాను. తర్వాత గోడ గడియారం చూసి, తెల్లటి ప్లాస్టర్ ముక్క మీద మందు పేరు, గంట, నిమిషం రాసి సెలైన్ స్టాండుకు అంటిస్తాను. ఆ ప్లాస్టర్ ముక్క గదిలో ఉన్న అందరికీ కనిపిస్తుంది. మత్తు మొదలుపెట్టడం, పడుకోబెట్టడం, చర్మం శుభ్రం చేయడం, గుడ్డలు కప్పడం అయ్యేసరికి సాధారణంగా ఇరవై నుంచి నలభై నిమిషాలు పడుతుంది. మందు కణజాలంలోకి చేరడానికి అది సరిపోతుంది.

ఎందుకు మత్తు డాక్టరే? రోగి థియేటర్‌లోకి వచ్చిన క్షణం నుంచి కోత పడే క్షణం దాకా తప్పనిసరిగా పక్కనే ఉండేది, చేతిలో గడియారమూ నరమూ రెండూ ఉన్నదీ ఆ ఒక్కరే. సర్జన్ చేతులు కడుక్కుంటూ ఉంటారు, వార్డు సిస్టర్ వెనక్కి వెళ్లిపోతారు. ఈ బాధ్యతను ఒకరి పేరు మీద రాయకపోతే ముగ్గురూ మిగతా ఇద్దరూ ఇచ్చారనుకుంటారు. మత్తును లెక్కగా ఇవ్వడం గురించి హైదరాబాద్‌కు పాత చరిత్రే ఉంది. 1888, 1889లలో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆదరణతో, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో ఉన్న ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ చొరవతో, మత్తుమందు క్లోరోఫాం ఎంత సురక్షితమో పరీక్షించే రెండు క్లోరోఫాం కమిషన్లు ఇక్కడే జరిగాయి. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు వచ్చారు. వాటి తీర్మానాలన్నీ కాలానికి నిలవలేదు. అయినా మందు ఇచ్చేవారు తమ కళ్లతో కనిపెట్టి, కాగితం మీద నమోదు చేయాలన్న పట్టుదల వాటిలో ఉంది. ఆ అలవాటు యాంటీబయాటిక్‌కూ రావాలని నా కోరిక.

కొన్ని మెలికలు. వాంకోమైసిన్‌ను గబగబా ఇస్తే ఒళ్లు ఎర్రబడి బీపీ పడిపోతుంది. ఒక గ్రాముకు కనీసం గంట పట్టాలి, కాబట్టి దాన్ని కోతకు ముందు రెండు గంటల లోపల మొదలుపెట్టాలి. ఒక్క దీన్ని మాత్రం వార్డులోనో, థియేటర్ బయటి గదిలోనో మొదలుపెట్టడం సబబే. మోకాలి ఆపరేషన్‌లో రక్తం పారకుండా ఆపే పట్టీని (టార్నికేట్) తొడకు బిగిస్తారు. మందు పూర్తిగా వెళ్లాకే బిగించాలి, లేకపోతే అది మోకాలిదాకా చేరదు. సిజేరియన్‌లో బొడ్డుతాడు కత్తిరించాక ఇచ్చే పాత పద్ధతి ఇంకా కొన్నిచోట్ల ఉంది. బిడ్డకు మందు చేరుతుందన్న భయంతో వచ్చిన పద్ధతి అది. కోతకు ముందే ఇస్తే తల్లికి ఇన్ఫెక్షన్లు తగ్గుతాయనీ, బిడ్డకు హాని కనిపించలేదనీ తేలాక మార్గదర్శకాలు మారాయి.

కేసు వాయిదా పడి, డోసు ఇచ్చాక గంట దాటిపోతే? సెఫజోలిన్ అయితే ఎంతసేపైందో చూసుకుని, అవసరమైతే మళ్లీ ఇవ్వండి. "ఇచ్చినట్టు రాసి ఉంది" అని ముందుకు పోకండి.

ఆరోది: ఆపరేషన్ సాగితే

సెఫజోలిన్, సెఫురాక్సిమ్ మొదటి డోసు ఇచ్చిన 4 గంటలకు మళ్లీ ఇవ్వాలి. ఆంపిసిలిన్-సల్బాక్టమ్ అయితే 2 గంటలకే. క్లిండమైసిన్ 6 గంటలకు. లెక్క మొదటి డోసు నుంచి, కోత నుంచి కాదు. రక్తస్రావం ఒకటిన్నర లీటరు దాటినా మళ్లీ ఒక డోసు కావాలి. రక్తంతో పాటు మందూ పోయింది, ఎక్కించిన ద్రవాలతో మిగిలింది పలచబడింది.

అందరూ మరిచిపోయేది ఇదే. నాలుగో గంటకు గదిలో ఎవరి దృష్టీ మందు మీద ఉండదు. మా థియేటర్‌లో ఫోన్‌లో అలారం పెడతాం. మోగగానే సర్క్యులేటింగ్ సిస్టర్ (బల్ల దగ్గర కాకుండా గదిలో తిరుగుతూ పనులు చూసే సిస్టర్) ఆ ప్లాస్టర్ ముక్కను చూసి గట్టిగా చదువుతారు.

ఏడోది: ఆపడం

కుట్లు పడ్డాయి. ముందస్తు యాంటీబయాటిక్ పని అయిపోయింది.

శుభ్రమైన, రెండో తరగతి ఆపరేషన్లలో గాయం మూసేశాక ఇంకో డోసు అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థా, అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రమూ చెబుతున్నాయి. డ్రెయిన్ గొట్టం ఉన్నా సరే. గుండె ఆపరేషన్ల వంటి కొన్నింటిలో 24 గంటలదాకా కొనసాగించేవారున్నారు, అంతకు మించి ఇస్తే లాభమనడానికి గట్టి ఆధారం లేదు. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 79 వేలకు పైగా ఆపరేషన్లను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, రోజులు పెరిగినకొద్దీ గాయపు ఇన్ఫెక్షన్లు తగ్గలేదు. మూత్రపిండాలు దెబ్బతినడం, క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే జీవి వల్ల వచ్చే విరేచనాల జబ్బు మాత్రం పెరిగాయి.

ఇంత తెలిసీ డిశ్చార్జ్ కాగితం మీద "ఐదు రోజులు, రోజుకు రెండు" అని ఎందుకు రాస్తాం? నేను సర్జన్ల పక్కన కూర్చుని వినే మాటలు ఇవి. "థియేటర్ గాలి మీద నాకు నమ్మకం లేదు." "ఇంటికి వెళ్లాక ఏ నీళ్లతో కడుగుతారో." "చీము పడితే మందు రాయలేదని నన్నే అంటారు." మూడు భయాలూ నిజమైనవే, కొట్టిపారేయను. థియేటర్ గాలి బాగోలేకపోతే ఫిల్టర్లు మార్చాలి, స్టెరిలైజేషన్ పరీక్షించాలి. మాత్ర ఆ పని చేయదు. ఇంట్లో కట్టు తడుస్తుందన్న భయం ఉంటే కట్టు ఎలా చూసుకోవాలో ఇంటివాళ్లకు చూపించి పంపాలి. కుట్లు పడిన గాయం అంచులు ఒకటి రెండు రోజుల్లోనే అతుక్కుంటాయి. ఇక మూడో భయానికి మందు కాగితమే. ఆసుపత్రి సంతకంతో లిఖితపూర్వక నియమం ఉంటే, మందు రాయని సర్జన్ ఒంటరి కాడు.

ఇంటివాళ్లతో మాట్లాడటం కూడా చికిత్సలో భాగమే. సూర్యాపేట నుంచో జహీరాబాద్ నుంచో వచ్చిన కుటుంబం, మందు లేని డిశ్చార్జ్ కాగితం చూస్తే డాక్టరు పట్టించుకోలేదనుకుంటుంది. మొన్న ఒక పెద్దాయన మనవడు అడిగాడు: "డాక్టరమ్మా, తాతకు యాంటీబయాటిక్ రాయడం మరిచిపోయారా?" చెప్పాను: "మరిచిపోలేదు నాన్నా. కోతకు ముందు ఇవ్వాల్సింది ఇచ్చాం, ఇదిగో సమయం. ఇంకా ఇస్తే తాత కడుపు పాడవుతుంది, గాయానికి ఒరిగేదేమీ లేదు. నొప్పికి మందు రాశాం. జ్వరం వచ్చినా, కట్టు తడిసినా ఈ నంబరుకు ఫోను చేయి, అర్ధరాత్రి అయినా సరే." అతను సమయం రాసిన గడిని వేలితో చూసుకుని తలూపాడు. రెండు నిమిషాలు పట్టింది.

హైదరాబాద్‌లో ఉంటున్నవాళ్లకు ఇది ఇంకా ఎక్కువ పట్టాలి. పటాన్‌చెరులో దాదాపు తొంభై మందుల కంపెనీల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మి.గ్రా. దాకా ఉందని 2007లో ప్రచురితమైన పరిశోధన చూపింది. ఆ మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే దానికన్నా అది ఎక్కువ. మందులకు లొంగని జీవులు మన మట్టిలో, మన నీటిలో పెరిగే పరిస్థితి ఉన్న ఊరు ఇది. వార్డుల్లోనూ అదే పని మన చేతులతో చేయకూడదు.

గాయంలో యాంటీబయాటిక్ పొడి చల్లడం, యాంటీబయాటిక్ కలిపిన నీటితో కడగడం వంటివి అలవాటు ఉంటే మానేయండి. వాటిని మామూలుగా వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ గానీ, అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం గానీ చెప్పవు.

ఎనిమిదోది: మందుతో పాటు నడవవలసిన పనులు

డోసు ఎంత సరిగ్గా పడినా ఇవి లేకపోతే సగం వృథా. ముందు రాత్రో ఆ ఉదయమో రోగి సబ్బుతో స్నానం చేయాలి. వెంట్రుకలను బ్లేడుతో గీయకూడదు. ముందు రోజు రాత్రి వార్డులో బ్లేడు పెట్టడం వల్ల చర్మం మీద కంటికి కనిపించని గీతలు పడి, తెల్లారేసరికి వాటిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. అడ్డం వస్తేనే క్లిప్పర్‌తో కత్తిరించాలి. చర్మానికి ఆల్కహాల్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్ రాసి, పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఆరకముందే కాటరీ (కరెంటు వేడితో రక్తస్రావం ఆపే పరికరం) వాడితే నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

రోగి ఒళ్లు చల్లబడకూడదు. మన థియేటర్లలో ఏసీ గడ్డకట్టించేలా ఉంటుంది, పల్చటి గుడ్డ కప్పుకుని రోగి వణుకుతూ ఎదురుచూస్తారు. చలికి చర్మపు రక్తనాళాలు బిగుసుకుంటే ఆక్సిజనూ మందూ రెండూ గాయం దగ్గరికి సరిగ్గా చేరవు. వెచ్చటి దుప్పటి కప్పండి. షుగరు ఉన్నా లేకపోయినా ఆపరేషన్ వేళ రక్తంలో చక్కెర 200 దాటనివ్వకండి. మన దగ్గర తమకు షుగరు ఉందని ఆపరేషన్ ముందు పరీక్షల్లోనే మొదటిసారి తెలిసేవాళ్లు చాలామంది.

తొమ్మిదోది: కొలవడం

నియమం గోడకు అంటించి వదిలేస్తే మూడు నెలల్లో అది రంగు వెలిసిన కాగితమవుతుంది. ప్రతి నెలా ఇరవై కేస్ షీట్లు ఏరి తీయండి. డోసు అవసరమైన కేసేనా, మందు సరైనదేనా, డోసు సమయానికీ కోత సమయానికీ ఎన్ని నిమిషాల తేడా, నాలుగు గంటలు దాటితే మళ్లీ ఇచ్చారా, 24 గంటల్లో ఆపారా? ఈ ఐదు గడులు చాలు. ఆసుపత్రుల గుర్తింపు సంస్థ ఎన్‌ఏబీహెచ్ లెక్కగట్టమనే సూచికల్లోనూ సరైన వేళకు ముందస్తు యాంటీబయాటిక్ అందిన రోగుల శాతం ఒకటి. కాబట్టి యాజమాన్యాన్ని ఒప్పించడం కష్టం కాదు. ఫలితాలను పేర్లు లేకుండా నెలవారీ సమావేశంలో చూపించండి. వేలెత్తి చూపితే మరుసటి నెల నుంచి అన్ని కేస్ షీట్లలోనూ "కోతకు 30 నిమిషాల ముందు" అని ఒకే అంకె కనిపిస్తుంది. అది నిజమైన అంకె కాదని అందరికీ తెలుసు.

ఫలితం కూడా కొలవాలి. గాయపు ఇన్ఫెక్షన్‌ను 30 రోజులదాకా, మెష్, కీలు వంటివి పెట్టిన ఆపరేషన్లలో 90 రోజులదాకా లెక్కలోకి తీసుకుంటారు. అప్పటికి రోగి ఊరికి వెళ్లిపోయి, చీము పడితే దగ్గరలోని ఆర్‌ఎంపీకి చూపించుకుంటారు. మనకు తెలియనే తెలియదు. అందుకే ముప్పయ్యో రోజున ఒక ఫోను చేయించండి. ఎర్రదనం, వాపు, నీరు కారడం, జ్వరం, వేరే చోట ఎవరైనా మందు రాశారా? ఐదు ప్రశ్నలు, తెలుగులోనో ఉర్దూలోనో. అనుమానం ఉంటే గాయం ఫొటో పంపమనండి.

ఆపరేషన్‌కు వెళ్తున్నవారి ఇంటివాళ్లకు

మీరు డాక్టరుకు చెప్పవలసినవి ముందు చెప్పండి: ఏ మందు పడలేదు, అప్పుడు సరిగ్గా ఏమైంది, గత కొన్ని నెలల్లో ఏ యాంటీబయాటిక్ వాడారు, షుగరు ఉందా. పాత మందుల చీటీలు ఉంటే సంచిలో పెట్టుకుని రండి. ఇంట్లో బ్లేడుతో గీసుకుని రాకండి. "ఎందుకైనా మంచిది" అని దుకాణంలో యాంటీబయాటిక్ కొని ముందే వేయకండి.

ముందు రోజు సర్జన్‌నో మత్తు డాక్టరునో మర్యాదగా రెండు ప్రశ్నలు అడగవచ్చు. "ఈ ఆపరేషన్‌కు ముందస్తు యాంటీబయాటిక్ కావాలా? అయితే ఎప్పుడు, ఎవరు ఇస్తారు?" అడిగినందుకు ఎవరూ చిన్నబుచ్చుకోరు, చిన్నబుచ్చుకోకూడదు. ఆపరేషన్ తర్వాత మాత్రలు రాస్తే, "ఇది ముందుజాగ్రత్తకా, ఉన్న ఇన్ఫెక్షన్‌కా?" అని అడగండి. ఇన్ఫెక్షన్‌కు అయితే చెప్పినన్ని రోజులూ వాడాలి, మీ అంతట మీరు ఆపకండి. రాయకపోతే, అడిగి రాయించుకోకండి.

ఇంటికి వెళ్లాక గాయం చుట్టూ ఎర్రదనం పాకుతున్నా, నొప్పి తగ్గుతూ వచ్చి మళ్లీ పెరిగినా, కట్టు మీద పసుపు తడి కనిపించినా, జ్వరం వచ్చినా, మిగిలిపోయిన పాత మాత్రలు వెతక్కుండా ఆపరేషన్ చేసిన చోటికే రండి. వచ్చేటప్పుడు డిశ్చార్జ్ కాగితం తెచ్చుకోండి. ఏ డోసు ఎన్ని గంటలకు పడిందో అందులో రాసి ఉండాలి. లేకపోతే ఇంటికి బయలుదేరే ముందే రాయించుకోండి.